వెంట్రుకంత గీత

పెద్దావిడ మూడు ప్లాస్టిక్ టబ్బులు ఒకదాని తరవాత ఒకటి వరండాలోకి లాగి, తడి చేతులు తుడుచుకుని, ఇక మెచ్చుకో అన్నట్టు నిలబడింది. మొదటి టబ్బులో చిత్రికల కొయ్య దిమ్మలు. రెండో దాంట్లో వాటి చీలలు. మూడో దాంట్లో, ఒక్కొక్కటీ విడివిడిగా గుడ్డపేలికలో చుట్టిన ఇనుప ఉలులు.

మిషన్ మేస్త్రి రెండో టబ్బులోంచి ఒక చీల తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సబ్బు పెట్టి తోమానయ్యా," అంది ఆవిడ. "ఎన్నేళ్ల జిడ్డో! మూడు నీళ్లు పోసినా నల్లగానే వచ్చింది. నీడలోనే ఆరబెట్టాన్లే, పగుళ్లివ్వకుండా."

"విడదీసేటప్పుడు దేని చీల దానికి గుర్తు పెట్టుకున్నారా పిన్నిగారూ?"

"చీలలకి గుర్తేమిటి? అన్నీ ఒక్కలాగే ఉన్నాయిగా."

అతను తల పట్టుకోబోయి, బాగుండదని చెయ్యి జుట్టులోకి పోనిచ్చి సవరించుకున్నాడు. చిత్రికంటే ఏముంది, ఒక కొయ్య దిమ్మ, దాని కడుపులో ఏటవాలుగా ఒక ఉలి, ఆ ఉలి కదలకుండా బిగించే ఒక చీల. మూడే ముక్కలు. కానీ ఏ చీలకా చీల తన దిమ్మలో ఏళ్ల తరబడి దెబ్బలు తిని, తన గాడికి తగ్గట్టు అరిగి కూర్చుంటుంది. పక్కదాంట్లో పెడితే కూర్చున్నట్టే కూర్చుని, నాలుగో తోపుకి వదులైపోతుంది. ఈ మహాతల్లి పంతొమ్మిది కాపురాల్ని ఒక్క పూటలో కలగాపులగం చేసి పెట్టింది.

అతన్ని మిషన్ మేస్త్రి అనడంలో కొంత గౌరవం, కొంత వెక్కిరింపు ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా కరెంటు రంపం, కరెంటు చిత్రిక తప్ప చేత్తో పట్టే పనిముట్టుతో పనిచేసిన వాడు కాదు. కరెంటు పోయిన రోజు ఆయన చేతులు కూడా పోతాయని తోటివాళ్లు నవ్వేవారు. అలాంటివాడు పాత చిత్రికల కోసం వీధి వీధీ తిరగడానికి కారణం పఠన మందిరం కిటికీలు. నలభై రెండు కిటికీలు, నలభై అయిదేళ్ల నాటి టేకు. కింది అంచులు వానకి పుచ్చిపోయాయి. ఆ అంచుకొక వంపుంది. లోపలికి ఒంగి, మళ్లీ పైకి లేచి, చివర చిన్న మెట్టుతో ఆగుతుంది. మిషనుకి ఆ వంపు పళ్లు కోయించి పెట్టినా పాత టేకు నార లేచిపోయి, కుక్క కొరికినట్టు వస్తోంది.

మరమ్మతు చూస్తున్న ఇంజనీరమ్మ మర్యాదగానే చెప్పింది. "శనివారం మధ్యాహ్నానికి మూరెడు పట్టీ తెచ్చి పాతదాని పక్కన పెట్టండి మేస్త్రిగారూ. రెండిటికీ తేడా తెలియకపోతే పని మీదే, కిటికీలు బతుకుతాయి. తెలిస్తే సోమవారం పాతవన్నీ పీకేసి అల్యూమినియం బిగిస్తారు. ఆ పై మాట నా చేతిలో లేదు."

అతను పెద్దావిడ వరండాకి వచ్చింది బుధవారం.

"ఎవరో హోటలాయన ఫోన్ చేశాడు," అంది పెద్దావిడ. "గోడకి వరసగా మేకులు కొట్టి వేలాడదీస్తాడట. అందానికి. అందుకే ఇంత తోమాను. తరవాత నువ్వు పని చెయ్యడానికి కావాలన్నావు. గోడకెక్కడం కంటే అదే నయం అనిపించింది."

ధర తేలడానికి అట్టే సేపు పట్టలేదు. ఆవిడ అడిగింది, అతను సరే అన్నాడు. అసలు పని అప్పుడు మొదలైంది. అతను వరండాలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక దిమ్మ ఒళ్లో పెట్టుకుని, ఒక్కో చీలా దాంట్లోకి దూర్చి చూడసాగాడు. సరిపడనిది గాడిలో ఒక పక్క ఆనుకుని ఇంకో పక్క వెలుతురు చూపిస్తుంది. కొయ్యసుత్తితో తడితే డొల్లగా మోగుతుంది. పది చీలలు మార్చాక పదకొండోది రెండు పక్కలా ఒక్కసారే ఆనుకుని, ముక్కు మూసుకున్నట్టు చిన్న చప్పుడు చేసి నిలిచిపోయింది. అతను దిమ్మని బోర్లించి ఊపాడు. రాలేదు.

"అదేనా?" అంది ఆవిడ, గుమ్మంలో కుర్చీ వేసుకుంటూ.

"ఇదే. ఇంకో పద్దెనిమిది."

"నా వల్లే వచ్చిందిగా తంటా. టీ పెడతానుండు."

పొద్దు వాలేసరికి పంతొమ్మిదీ జతపడ్డాయి. ఆ పని చేస్తుంటే అతనికి ఒక వింత కనపడింది. ప్రతి దిమ్మ మీదా బొటనవేలు ఆనేచోట గుంట పడి ఉంది. సబ్బు జిడ్డుని తీసింది గాని ఆ గుంటని తియ్యలేకపోయింది. అతని బొటనవేలు ఆ గుంటలో పెట్టుకుంటే కొంచెం పెద్దగా అనిపించింది. దశాబ్దాలపాటు ఒక వేలు అక్కడే ఆనితే తప్ప ఆ మద్దికర్రకి అలా గుంట పడదు. అతను వేలు తీసేసి, మళ్లీ పెట్టాడు.

"అద్దం మేస్త్రిగారిని నేనెప్పుడూ చూడలేదు పిన్నిగారూ," అన్నాడు. "మా గురువుగారు చెప్పేవారు. ఆయన చిత్రిక పట్టిన తలుపులో బొట్టు దిద్దుకోవచ్చనేవారు. ఉప్పుకాగితంతో పని లేదట. ఏం పదునండీ అది! ఆ పదును పెట్టడం ఆయనతోనే పోయిందని బాధపడేవారు."

"ఊఁ," అంది ఆవిడ. "అందరూ అదే అంటారు."

ఆవిడ భర్త అద్దం మేస్త్రి పోయి ఎనిమిది నెలలు. ఆ 'ఊఁ'లో అతనికి దుఃఖం వినపడింది, అంతకు మించి వినే ఓపిక అతనికి ఆ పూట లేదు. అయినా ఒక సంగతి మాత్రం గమనించాడు. కొయ్యకి సబ్బు స్నానం చేయించిన మనిషి ఇనుముకి చుక్క నీరు తగలనివ్వలేదు. ప్రతి ఉలికీ పల్చగా నూనె రాసి, అంచు గుడ్డకి కూడా తగలకుండా మడత వేసి చుట్టింది. ఏదో జాగ్రత్త గల మనిషి అనుకున్నాడు.

వెళ్లబోతుంటే ఆవిడ లోపల్నించి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మూత తీస్తే గులకరాళ్లు. నల్లవి, బూడిదరంగువి, ఒకటి రెండు ఎర్రటివి.

"ఇవీ తీసుకుంటావా?"

"పిల్లల ఆటరాళ్లు నాకెందుకు పిన్నిగారూ, ఎవరైనా చిన్నవాళ్లుంటే ఇవ్వండి," అని నవ్వాడు.

 ఆవిడ మూత పెట్టి, డబ్బా చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే భార్య టీ గ్లాసు తెచ్చేసరికి మిషన్ మేస్త్రి షెడ్డులో బల్ల మీది చిత్రికల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, అది మీకేమైనా పాఠం అప్పజెపుతుందా? అలా చూస్తున్నారు?"

"ఉండవే. దీనికి స్విచ్చి లేదు. ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియటం లేదు."

ఆవిడ నవ్వుకుంటూ గ్లాసు బల్ల చివర పెట్టింది. అతను ముందు చదును చేసే పెద్ద చిత్రిక తీసుకున్నాడు. పఠన మందిరం నుంచి తెచ్చుకున్న పాత టేకు పట్టీ, మిషను కొరికి పారేసినదే, బల్లకి బిగించాడు. దిమ్మ మీద గుంటలో బొటనవేలు ఆనించి తోశాడు.

మొదట చప్పుడే వచ్చింది. కొత్త నోటు సాగదీసినట్టు, సన్నగా, తెగకుండా ఒక చప్పుడు. తరవాత చిత్రిక నోట్లోంచి పొట్టు లేచింది. అతను తోస్తూ నడిచాడు, అది కూడా అతనితో పాటు లేస్తూ వచ్చింది. పట్టీ అయిపోయేసరికి మూరన్నర పొడుగు రిబ్బను, ఎక్కడా చిల్లు లేకుండా, అతని మణికట్టు మీదుగా జారి నేలమీద వాలింది. భార్య దాన్ని తీసి అరచేతిలో పరుచుకుంది. కింద చేతి గీతలు కనపడ్డాయి.

"ఇది కొయ్యేనా?" అంది.

అతను చిత్రిక పక్కన పెట్టాడు. పట్టీ మీద చెయ్యి వేశాడు. ఇరవై రెండేళ్లలో అతని చెయ్యి అలాంటి కొయ్యని ముట్టుకోలేదు. నార ఎటు తిరిగితే అటు వెలుతురు తిరుగుతోంది. మిషను కొరికిన చోట మచ్చయినా లేదు. ఇన్నాళ్లూ తాను చేసినదాన్ని నునుపు అని ఎలా అనుకున్నాడో అతనికి అర్థం కాలేదు.  దేవుడి ఎదట నిలబడ్డప్పుడు కూడా ఆయనకి అంత భయభక్తులు కలగలేదని తరవాత భార్య చెప్పుకుంది.

ఆ తరవాత వంపు చిత్రిక. పంతొమ్మిదిలోనూ అది ఒక్కటే కిటికీ అంచు వంపుకి దగ్గరగా కనపడింది. దాని ఉలి అంచు కూడా అదే వంపులో ఉంది కనక ఏ ఉలి దేనిదన్న బాధ లేదు. పది తోపులు, ఇరవై తోపులు. కొయ్య లోపలికి ఒంగింది, పైకి లేచింది, మెట్టు దగ్గర ఆగింది. అతను పాత కిటికీ ముక్క తెచ్చి పక్కన పెట్టాడు. సరిగ్గా అదే వంపు.

కానీ కొత్తదాని మీద, వంపు పైకి లేచేచోట, ఈ చివర నుంచి ఆ చివరకి వెంట్రుకంత గీత. చెక్కినది కాదు, ఉబ్బెత్తుగా లేచినది. గోటికి తగులుతోంది. ఉలి అంచున ఎక్కడో చిన్న గాడి ఉంటే అక్కడ కొయ్య తెగకుండా అలా మిగులుతుంది. ఛ, అనుకున్నాడు. ఉలి తీసి తిప్పి చూశాడు. వెనకవైపు, బల్లపరుపుగా ఉండాల్సిన మొహం మీద, నిలువునా ఒక సన్నని గీటు. పై నుంచి అంచుదాకా దిగింది. ఎన్నిసార్లు నూరినా అంచుకి ఆ గాడి మళ్లీ వస్తూనే ఉంటుంది.

ఎందుకో గోరుని పాత కిటికీ ముక్క మీద కూడా నడిపించాడు. రంగు పొరల కింద, అదే చోట, గోటికి తగిలింది.

అతను బల్ల మీద చేతులానించి నిలబడిపోయాడు. ఇలాంటి వంపు తీసే చిత్రికలు ఎన్నో ఉండొచ్చు. ఈ గీటున్నది ఒక్కటే ఉంటుంది. నలభై అయిదేళ్ల కింద ఆ కిటికీలు తీసిన చిత్రిక ఇదే. కడుపు నిండా సబ్బు నీళ్లు తాగి, వేరేవాళ్ల చీలలతో ఒక టబ్బులో పడుండి, గోడకెక్కబోయి, తన పని తాను వెతుక్కుంటూ వచ్చినట్టు అతని బల్ల మీదికి వచ్చింది.

ఆ సంబరంలో చెయ్యకూడని పని చేశాడు. ఇంకో పాత ముక్క బిగించి, అందులో మేకు ఉందేమో చూసుకోకుండా తోశాడు. టక్కుమంది. ఆ చప్పుడు అతని పళ్లలోకి పాకింది. ఉలి అంచు బియ్యపుగింజంత ఎగిరిపోయింది.

దానికి మించిన పని మరో నిమిషంలో చేశాడు. ఇరవై రెండేళ్ల అలవాటు కదా, కంగారులో కాళ్లు వాటంతటవే గ్రైండరు దగ్గరికి నడిచాయి. స్విచ్చి వేసి, ఉలి అంచు చక్రానికి ఆనించాడు. నిప్పురవ్వలు లేచాయి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు అంచు పసుపెక్కి, గోధుమరంగై, నీలంగా మారింది. నీలమెక్కిన ఉక్కులో పస ఉండదు. పదును పెడితే సీసం ముక్కలా వంగిపోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి కూడా కాల్చాడు.

గ్రైండరు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు. చచ్చిపోయిన మనిషి చివరిసారి పెట్టిన పదును అది. మళ్లీ పెట్టేవాడు లేడు. అతనికి ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున అతను పెద్దావిడ గుమ్మం ముందు నిలబడ్డాడు, చంకలో వంపు చిత్రిక, ఒక టేకు పట్టీ, జేబులో గుడ్డలో చుట్టిన ఉలి.

"పిన్నిగారూ, మేస్త్రిగారి సానరాళ్లు ఏమైనా మిగిలాయేమోనని..."

ఆవిడ చెయ్యి చాపింది. అతను ఉలి ఇచ్చాడు. గుడ్డ విప్పి, వెలుతురుకి పెట్టి చూసిందో లేదో, ఆవిడ మొహం మారిపోయింది.

"ఎవరు కాల్చారు దీన్ని?"

"నేనే. మేకు తగిలి అంచు విరిగింది."

"చక్రమ్మీద పెట్టావా?"

అతను తలొంచుకున్నాడు.

"బుద్ధుందా నీకు? ఇంతవాడివి, మేస్త్రివి, ఉక్కు కాలితే ఏమవుతుందో తెలియదూ? తిరిగే రాయి మీద పెడతారా ఎవరైనా! దీనికి రాయి దగ్గరికి రావడమే గాని రాయి దీని మీద పడకూడదు." ఆవిడ గుడ్డతో ఉలిని గట్టిగా తుడిచింది. కోపంతోనే. "మొన్న నువ్వు తీసుకెళ్తుంటే చెప్దామనుకున్నాను. అడగనిదే ఎందుకులే అని ఊరుకున్నాను చూడు, నాదీ తప్పు."

అతను తల ఎత్తాడు. "మీకెలా తెలుసు పిన్నిగారూ?"

ఆవిడ ఉలితో లోపలికి నడిచింది. వంటింట్లోంచి వెనక పెరట్లోకి. అతనూ వెనకే వెళ్లాడు. బట్టలుతికే చప్టా పక్కన, పంపు కింద, మూడు పలకరాళ్లు వరసగా ఉన్నాయి. వాటికెదురుగా గోడలో ఒక చిన్న కిటికీ. కిటికీ అవతల ఖాళీ పడ్డ పాత పనిషెడ్డు.

ఆవిడ చిన్న పీట లాక్కుని కూర్చుంది. మొదటి రాయి మీద నీళ్లు చల్లింది.

"మా ఆయనకి చెయ్యి మంచిది," అంది. "కొయ్యని చూడగానే ఎటు తొయ్యాలో చెప్పేవాడు. కానీ ఉలి నూరమంటే మాత్రం పెన్సిలు చెక్కినట్టు చేసేవాడు. ఓపిక లేదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు నేనిలా ఇవ్వండి అన్నాను. మా నాన్న కత్తులు సానబెట్టేవాడులే. అంతే. ఆ రోజు నుంచి అదిగో, ఆ కిటికీలోంచి ఇచ్చేవాడు, ఆ కిటికీలోంచే పుచ్చుకునేవాడు."

 'అందరూ అదే అంటారు' అన్న మొన్నటి మాట ఇప్పటికి అతని చెవిలో సరిగ్గా పడింది.

"మరి... ఆయనెప్పుడూ ఎవరితోనూ అనలేదా?"

"అనేవాడు మొదట్లో. మా ఆవిడ నూరింది అంటే అందరూ నవ్వేవారు, సరసమాడుతున్నాడనుకుని. తరవాత మానేశాడు. నేనూ మానేయమన్నాను. నీళ్లు పోస్తూ ఉండు కొంచెం, సన్నగా."

ఆవిడ చెంబు అతని చేతికిచ్చింది. ముందు గరుకు రాయి మీద నీలమూ విరిగిన నొక్కూ పోయేదాకా, బియ్యపుగింజ మందం, అరగదీసింది. తొందర లేదు. ముందుకు తోసినప్పుడు నడుం దగ్గర్నించి కదిలేది, వెనక్కి వచ్చేటప్పుడు చెయ్యి తేలిపోయేది. కళ్లు ఉలి మీద లేవు. ఎదటి గోడ మీద ఎక్కడో ఉన్నాయి. చప్పుడు వింటోంది. చప్పుడు కాస్త గరగరమన్నప్పుడల్లా "నీళ్లు" అనేది.

తరవాత బిస్కెట్ల డబ్బా తెప్పించింది. రాళ్లు వేళ్లతో కదిపి ఒక నల్లరాయి పైకి తీసింది. అతను దాన్ని ఇప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాడు. ఒక పక్క లోపలికి ఒంగి, పైకి లేచి, చివర చిన్న మెట్టు. కిటికీ అంచు వంపంతా ఆ రాయిలో అచ్చుగుద్దినట్టు ఉంది.

"ఇది... మీరు చెక్కారా?"

"చెక్కడమేమిటి, అరిగింది. ఏ వంపు ఉలికి ఆ రాయి. మొదట్లో ఉలి వంపుని చూసి రాయిని అరగదీశాను, తరవాత రాయి వంపుని చూసి ఉలి అరుగుతోంది."

పద్నాలుగు రాళ్లు. పిల్లల ఆటరాళ్లు. అతను చెంబు పట్టుకుని, ఆ డబ్బాలోకి మళ్లీ చూడటానికి ధైర్యం చాలక పక్కకి తిరిగాడు.

రెండు గంటలు పట్టింది. చివరికి ఆవిడ అంచుని బొటనవేలి గోటి మీద ఆనించింది. జారలేదు. కరుచుకుంది. "ఊఁ" అంది. ఇది మొన్నటి 'ఊఁ' కాదు.

"తీసుకో. ఏది ఏ దిమ్మలో కూర్చుంటుందో నాకు తెలియదు. ఇనుమొక్కటే నాది, కొయ్యంతా ఆయనది. అందుకే కడిగేటప్పుడు ఆ చీలలు కలిపేశాను."

"ఇది తెగుతుంటే ఎలా ఉంటుందో మీరు చూశారు కదా?"

"ఎక్కడ! దుమ్ము పీలిస్తే ఆయాసం నాకు. ఆ షెడ్డులోకి కాలు పెట్టనిచ్చేవాడు కాదు."

"చిత్రికకి దుమ్మెందుకొస్తుంది పిన్నిగారూ? అది రంపాలది. దీనికి వచ్చేది పొట్టే."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. నలభై అయిదేళ్లు. ఇద్దరూ ఆ లెక్క పైకి అనలేదు.

అతను పట్టీని చప్టా అంచుకి ఆనించి మోకాలితో అదిమిపెట్టాడు. ఉలి దిమ్మలో పెట్టి, చీల తట్టి, అడుగు వైపు నుంచి వెలుతురుకి చూశాడు. దిమ్మ వంపు, ఉలి వంపు ఒక్క గీతలా కలిసిపోయాయి. దిమ్మలో పెట్టి ఎన్నడూ చూడని మనిషి, ఒక గులకరాయిని నమ్ముకుని పెట్టిన వంపు అది. అతను బొటనవేలు గుంటలో ఆనించాడు. తోశాడు.

పొట్టు లేచింది. సన్నగా, వంకీలు తిరుగుతూ, ఎండలో ఎర్రగా మెరుస్తూ ఆవిడ పాదాల దగ్గర పడింది. మరోటి. మరోటి. ఆవిడ పీట మీంచి లేవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. అతను పట్టీ ఎత్తి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకుంది.

"ఇదా!" అంది. "ఇదా ఆయన చేసేది!"

"మీరు చేసేది," అన్నాడు అతను.

అంతలో ఆవిడ వేలు వంపు మీద ఒకచోట ఆగింది. మొహం ముడుచుకుంది. "పడనే పడిందా ఈ గీత? నేను వచ్చిన మొదటి నెల్లోనే చేశానీ తప్పు. రాయి మీద ఇసుకరేణువుందని చూసుకోకుండా గీశాను. భయపడి ఏడిస్తే, ఏం ఫరవాలేదు, పని పూర్తయ్యాక ఉప్పుకాగితంతో రుద్దేస్తాలే, ఎవరికీ కనపడదు అన్నాడు. పాపం ప్రతిసారీ నా మూలంగా రెండో పని. ఎన్నేళ్లు మనసులో పెట్టుకున్నానో. ఆ గీటు అరగదీసేస్తానంటే ఎప్పుడూ వద్దనేవాడు. ఇలా ఇవ్వు, ఇవాళ వెనక మొహమంతా అరగదీసి గీటు లేకుండా చేసేస్తాను."

"వద్దు!" అన్నాడు అతను, పెరడంతా వినపడేలా. ఆవిడ ఉలిక్కిపడింది. అతను గొంతు తగ్గించాడు. "వద్దు పిన్నిగారూ. దాన్ని ముట్టుకోకండి. రేపు ఒక్క గంట నాతో రండి. ఎందుకో అక్కడే చెప్తాను."

శనివారం మధ్యాహ్నం పఠన మందిరంలో బల్లలన్నీ ఒక పక్కకి జరిపి గుడ్డలు కప్పి ఉన్నాయి. పొడుగాటి గది, రెండు వైపులా కిటికీలు. మేస్త్రితో వచ్చిన పెద్దావిడ గుమ్మం దగ్గరే ఆగింది. ఇంజనీరమ్మ మూరెడు పట్టీని పాత అంచు పక్కన పెట్టింది. వంగి చూసింది, దూరం నుంచి చూసింది. తరవాత కళ్లు మూసుకుని గోటితో కొత్తదాని మీద నడిపించింది. ఆగింది.

"ఇక్కడ గీత పడింది మేస్త్రిగారూ. వంపు అద్భుతంగా ఉంది. ఇంత దగ్గరగా వచ్చి... అయ్యో."

"పాతదాని మీద కూడా నడిపించండమ్మా."

ఆవిడ నడిపించింది. కళ్లు తెరిచింది. రెండో కిటికీ దగ్గరికి వెళ్లింది. మూడో దాని దగ్గరికి. "నాలుగు నెలలుగా ఈ కిటికీల కొలతలు తీస్తున్నాను," అంది అక్కణ్ణించే. "ప్రతి పగులూ కాగితమ్మీద రాసుకున్నాను. ఇది నాకెలా కనపడలేదు? మేస్త్రిగారూ, ఎక్కడ దొరికింది మీకీ చిత్రిక? ఎవరు పెట్టారు దీనికి పదును?"

మిషన్ మేస్త్రి గుమ్మం వైపు చెయ్యి చూపించబోయాడు. పెద్దావిడ గుమ్మం దగ్గర లేదు.

అప్పటికే ఆవిడ అవతలి గోడ వెంట నడుస్తోంది. చూపుడు వేలి గోరు కిటికీ అంచుకి ఆనించి, నెమ్మదిగా, ఒక కిటికీ అయ్యాక ఇంకో కిటికీ. ఏడో కిటికీ దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, ఆరో దాన్ని మళ్లీ తడిమి చూసింది. మళ్లీ ముందుకు నడిచింది. వాళ్లిద్దరూ దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ బుగ్గలు తడిసి ఉన్నాయి. నవ్వుతోంది కూడా.

"రుద్దేస్తానన్నాడు," అంది. "ఉప్పుకాగితంతో రుద్దేస్తాను, కనపడదన్నాడు పెద్దమనిషి. ఒక్కదాని మీదన్నా రుద్దాడేమో చూస్తున్నాను. ఒక్కదాని మీదా రుద్దలేదు."

ఇంజనీరమ్మ ఆవిడ మొహం వైపు, మేస్త్రి మొహం వైపు మార్చి మార్చి చూసింది. "ఈ కిటికీలు మీరు...?"

"నేనేం చేశానమ్మా," అంది పెద్దావిడ. "ఈ గీత ఒక్కటే నాది."

"కాదండీ," అన్నాడు మిషన్ మేస్త్రి.  "అద్దం మేస్త్రి, అద్దం మేస్త్రి అని మా గురువుగారి కాలం నుంచి చెప్పుకుంటున్నామే, ఆ అద్దం ఈవిడది. నేను నా చెవులతో విన్నాను, కళ్లతో చూశాను. పదును ఈవిడ పెట్టింది. తోసింది నేను."

ఇంజనీరమ్మ పెన్ను మూత తీసింది. తరవాత చేతిలోని కాగితాల్లో అల్యూమినియం అని ఉన్న వరస మీద అడ్డంగా గీత కొట్టింది. కింద ఏదో రాస్తూ, పైకి చదివింది. "కొత్త పట్టీలు పాత చిత్రికతోనే తియ్యాలి. అంచు మీది గీత అలాగే ఉంచాలి. ఉప్పుకాగితం వాడరాదు." తల ఎత్తి అడిగింది. "అంతేనా అండీ?"

పెద్దావిడ వినలేదు. నడక మళ్లీ మొదలుపెట్టింది. గది ఆ చివర, మూల కిటికీ దగ్గర, ఆవిడ వేలు ఠక్కున ఆగింది. ముందుకి జరిపింది, వెనక్కి తెచ్చింది. ఎప్పుడో ఎవరో మరమ్మతు చేసి బిగించిన ముక్క. రంగు అదే, వంపు కూడా ఇంచుమించు అదే. గోటికి మాత్రం ఏమీ తగలలేదు.

"ఇది మనది కాదు," అంది.

మిషన్ మేస్త్రి జేబులోంచి కొలత టేపు తీసి, ఆ కిటికీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అయితే సోమవారం ముందు దీంతోనే మొదలెడదాం," అన్నాడు.

"ముక్కలో మేకుందేమో చూసుకో," అంది పెద్దావిడ.